మాచిపత్రి రంగు గోడలు

వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి ఆకును వెనుకకు త్రిప్పి చూచినవారికి ఆ రంగు పరిచితమే. పచ్చదనం ఉంటుంది, దానిపై విభూతి అలదినట్లు ఒక మసక కూడా ఉంటుంది. పెయింటు దుకాణాలలో దీనిని ‘సేజ్’ అంటారు. అది ఐరోపా వంటిళ్ళలో వాడే ఒక సువాసన మొక్క పేరు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వంటి ఊరిలో, చిన్న గదుల ఇళ్ళకు ఈ రంగు చక్కగా నప్పుతుంది.

ఖరగ్‌పూర్‌ను నిర్మించినది రైలు. 1900 ప్రాంతంలో బెంగాల్-నాగపూర్ రైల్వే ఇక్కడ కూడలి ఏర్పరచగా, తూర్పు తీరపు రైలుమార్గం వెంట ఆంధ్ర ప్రాంతం నుండి ఎన్నో కుటుంబాలు పనికై తరలివచ్చాయి. నేటికీ ఈ ఊరి వీధులలో తెలుగు వినిపిస్తుంది. క్వార్టర్సు విడిచి సొంత గూడు సమకూర్చుకొన్న కుటుంబానికి గోడల రంగును తానే ఎంచుకొనడం ఒక చిన్న పండుగ.

కంటికి ఈ రంగు హాయినివ్వడానికి కారణం ఉన్నది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో హ్యారీ షెర్మన్ అనే శస్త్రవైద్యుడు తెల్లని గోడల మిరుమిట్లకు విసిగి, శస్త్రచికిత్స గదికి ఆకుపచ్చ రంగు వేయించాడు. రక్తపు ఎరుపునకు అది ప్రతివర్ణం కనుక కన్ను సేదదీరుతుందని ఆయన భావన. ఇంటిలోనూ అంతే. వైశాఖపు ఎండ తెల్లగోడపై పడి కళ్ళు జిగేలుమనిపిస్తుంది. ముదురు పచ్చ వెలుగును మ్రింగివేస్తుంది. బూడిద కలిసిన లేతాకుపచ్చ ఈ రెంటికీ మధ్యస్థం.

అయితే డబ్బా మూతను చూచి రంగు నిర్ణయించరాదు. పసుపు దీపం క్రింద ఈ రంగు వెచ్చగా, తెల్లని ట్యూబులైటు క్రింద పాలిపోయినట్లుగా కనబడవచ్చు. గోడపై రెండడుగుల మేర పూసి, ఉదయం, మధ్యాహ్నం, దీపాల వేళ మూడుసార్లు చూడడం మేలు.

వానలు మెండుగా కురిసే ఈ ప్రాంతంలో గోడకు చెమ్మ మరొక శత్రువు. చెమ్మ గోడపై ఆయిల్ పెయింటు వేస్తే పొక్కులు లేచి పెచ్చులూడుతుంది. ముందు నీరు చేరే దారిని మూయాలి. సున్నపు పూత చెమ్మను బయటికి పోనిస్తుంది. కాని సున్నపు ఘాటుకు ప్రష్యన్ నీలం వంటి రంగులు నిలువవు. క్రోమియం ఆక్సైడు పచ్చ నిలుస్తుంది. అందులో చిటికెడు నలుపు కలిపితే కోరిన మసక వస్తుంది.

అన్నింటికంటె ముఖ్యమైన జాగ్రత్త పాత రంగును గీకేటప్పుడు. ఒకప్పటి పసుపు, పచ్చ ఎనామెల్ రంగులలో సీసపు క్రోమేటును విరివిగా వాడేవారు. ఇంటి రంగులలో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండే అమలులోకి వచ్చింది. కనుక పాత తలుపులను, కిటికీలను ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే విషధూళి రేగవచ్చు. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. తడిపి గీకాలి; పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి; పని ముగిశాక నేలను తడిగుడ్డతో తుడవాలి; గీకిన పెచ్చులను మూటకట్టి పారవేయాలి.

గోడకు ఏ రంగు వేసినా, దాని క్రింద ఏమున్నదో ముందు తెలిసికొనడమే ఇంటికి నిజమైన అలంకారం.