నిండు ఆయువే కొలతగా

క్రీస్తుపూర్వం 17లో రోమ్ నగరంలో చాటింపు వేశారు. ఇంతవరకూ ఎవరూ చూడనిది, ఇకముందు ఎవరూ చూడబోనిది, ఆ ఉత్సవానికి తరలి రండని పిలుపు. అది ఉత్త ఆర్భాటం కాదు. నూటపదేళ్లకోసారి వచ్చే పండుగను ఒకే మనిషి రెండుసార్లు చూడలేడు కదా! దాని పేరు 'లూడీ సైకులారెస్'.

ఆ పేరులోని విశేషణం 'సైకులారిస్'. 'సైకులుం' అనే మాట నుంచి పుట్టింది. సైకులుం అంటే శతాబ్దమని ఇప్పుడు చెప్పుకుంటున్నా, మొదట అది అంకె కాదు, ఆయుష్షు. ప్రాచీన ఇటలీ ప్రజలైన ఎట్రుస్కన్ల లెక్కను క్రీ.శ. 238లో సెన్సొరినస్ అనే రచయిత వివరించాడు. ఊరు వెలసిన రోజున పుట్టినవారిలో అందరికన్నా ఎక్కువకాలం బతికిన మనిషి కన్నుమూస్తే మొదటి సైకులుం ముగిసినట్టు. ఆ రోజుకి ఊళ్లో ఉన్నవారిలో చిట్టచివర పోయేవారితో రెండోది పూర్తవుతుంది. అందుకే ఏ రెండు సైకులుంలూ ఒకే పొడవుండవు. ఇంత మానవీయమైన కాలగణన అరుదు.

రోమన్లు దాన్ని అంకెల్లో బిగించారు. కొందరు నూరేళ్లన్నారు, చక్రవర్తి అగస్టస్ కాలంలో నూటపది ఖాయం చేశారు. క్రీస్తుపూర్వం 17 నాటి ఉత్సవానికి కవి హొరేస్ పాట కట్టగా 27 మంది బాలురు, 27 మంది బాలికలు పాడారు. ఆ వివరాలు చెక్కిన శాసనం 1890లో టైబర్ నది ఒడ్డున బయటపడింది. పాట కట్టినవాడి పేరూ అందులో ఉంది.

క్రీ.శ. 47లో క్లాడియస్ చక్రవర్తి, రోమ్ పుట్టి 800 ఏళ్లయిందంటూ మళ్లీ అదే ఉత్సవం జరిపాడు, అదే చాటింపు వేయించాడు. జనం నవ్వారు. పాత ఉత్సవం చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు మరి! నాడు ఆడిన నటుల్లో కొందరు మళ్లీ వేదికెక్కారని చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు.

సుదీర్ఘకాలమనే ఆ అర్థం శాస్త్రాల్లో నేటికీ నిలిచింది. దిక్సూచి చూపే ఉత్తరం ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుందని లండన్ కొలతల ఆధారంగా హెన్రీ గెలిబ్రాండ్ 1635లో ప్రకటించాడు. అలాంటి మార్పును, సైకులారిస్ నుంచి వచ్చిన ఇంగ్లీషు మాటతో, 'సెక్యులర్ వేరియేషన్' అంటారు. మతంతో దానికి సంబంధమే లేదు.

మతం సంగతి చర్చి లాటిన్‌తో వచ్చింది. శాశ్వతమైన దైవలోకానికి ఎదురుగా, కాలానికి లోబడిన ఈ లోకాన్ని క్రైస్తవులు సైకులుం అన్నారు. దాంతో విశేషణానికి 'ఇహలోకానికి చెందిన' అనే అర్థం స్థిరపడింది. ఇంగ్లీషులో అది 'సెక్యులర్' అయింది. 1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగ పీఠికలో చేరిన మాట అదే. తెలుగులో దాన్ని 'లౌకిక' అని రాసుకున్నాం.