ఓటు వేశాక పనికొచ్చే చదువు

గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఇది కంఠతా వచ్చిన బిట్టే. 1952 తొలి లోక్‌సభ ఎన్నికల్లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు ఎవరికి వచ్చాయి? నల్లగొండలో గెలిచిన రావి నారాయణరెడ్డికి. టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. కాసేపు ఇక్కడే ఆగండి. ఆ ఓట్లు వేసినవాళ్లలో ఎక్కువమందికి అక్షరం ముక్క రాదు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. గుర్తు చూసి కాగితం వేసి వచ్చారు. ఎవరికి వేయాలో, ఎందుకు వేయాలో వాళ్లకు బాగానే తెలుసు.

అంటే ఓటు వేయడానికి బడి చదువు అక్కర్లేదన్నమాట. మరి 'ప్రజాస్వామ్యానికి ప్రభుత్వ విద్యే పునాది' అని ఎస్సే పేపర్లో ఎందుకు రాస్తున్నాం?

నిజాం కాలంలో పల్లెలో కాగితమంతా పట్వారీ చేతిలో ఉండేది. భూమి ఎవరి పేరున ఉందో ఆయన చదివి చెబితేనే తెలిసేది. పై చదువులేమో ఉర్దూలో. తెలుగులో చదువు కావాలని, గ్రంథాలయాలు కావాలని పట్టుబట్టింది ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో దాని తొలి సభకు అధ్యక్షుడు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిందీ ఆయనే. భాష, బడి అంటూ మెల్లగా మొదలైన ఆ సభే వెట్టిని, దొరను నిలదీసేదాకా వెళ్లింది. 1944 భువనగిరి సభకు అధ్యక్షుడెవరో తెలుసు కదా? ఆ రావి నారాయణరెడ్డే.

తర్వాతి మలుపు కూడా ఈ నేల మీదే. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో గురుకులం తెరిచారు. పల్లె పిల్లలకు ఉచితంగా చదువు, తిండి, వసతి. అక్కడ చదివిన మహేందర్‌రెడ్డి రాష్ట్ర డీజీపీ అయ్యారు. గొప్ప సంగతే. కాకపోతే గురుకులంలో సీటు పరీక్ష రాసి గెలిచినవాళ్లకే. మిగతా పిల్లలు ఊరి బడికే వెళ్తారు. రేపు వార్డు మెంబర్లు, సర్పంచులు అయ్యేది ఎక్కువగా వాళ్లే. అందుకే గురుకులం ఫలితాల కంటే ఊరి బడి ఎలా నడుస్తోందన్నదే నాకు పెద్ద ప్రశ్న. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అట్టడుగు. వలస వెళ్లే పాలమూరు కూలీ మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని వేలిముద్ర వేస్తే, ఆ కాగితంలో ఏముందో చెప్పేదెవరు? పట్వారీ పోయాడు, కాగితం పోలేదు.

ఇప్పుడు మీ సిలబస్‌లోనే ఉన్న మరో బిట్. విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 21. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. గ్రాంటు డబ్బు ఎలా ఖర్చయిందో చూసే అధికారం ఆ కమిటీకి ఉంది. కూలికి వెళ్లే అమ్మ పంచాయతీ మెట్లెక్కకముందే లెక్క అడగగలిగే చోటు ఇది. ప్రైవేటు బడిలో ఫీజు కట్టిన రసీదు తప్ప ఆమెకు ఈ హక్కు లేదు. చాలాచోట్ల జరిగేది మాత్రం వేరు. తీర్మానాల పుస్తకం ముందుకు తోస్తారు, 'ఇక్కడ సంతకం పెట్టమ్మా' అంటారు, పెట్టేస్తుంది.

డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుతూ పట్నంలో ఉన్నవాళ్లు పండక్కి ఊరెళ్తారు కదా. అక్క పిల్లలు ఊరి బడిలో ఉంటే, కమిటీ మీటింగ్ రోజున ఆమె వెంట వెళ్లండి. సంతకానికి ముందు ఆ పేజీ పైకి చదివి వినిపించమని అక్కతోనే అడిగించండి.