మిగ్-21కి వెండి పూత: కొత్త రంగుతో కొన్ని ప్రయోగాలు

1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-21 విమానాలకు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. ఆ కార్యక్రమాన్ని నాన్నగారు ఇక్కడ మా ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చూశారు. వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా పనిచేసిన మనిషి. చూసినంతసేపూ ఏమీ మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం, "ఆ బొమ్మ విమానాలేవో చేస్తుంటావు కదరా, నాకొక మిగ్ చేసిపెట్టు. వెండిరంగుది" అన్నారు. తొమ్మిదేళ్ళ మా అబ్బాయి "తాతయ్యా, నేనూ చేస్తా" అంటూ పక్కన చేరాడు.

కిట్ దొరకడం కష్టం కాలేదు. 1/72 కొలతలో విమానం జానెడు పొడవు ఉంటుంది. చిక్కల్లా రంగుతోనే వచ్చింది. నేను ఇరవై ఏళ్ళుగా వాడుతున్నవి ఎనామిల్ రంగులు. మావాడికేమో ఉబ్బసం. చలికాలంలో తలుపులన్నీ బిగించిన ఇంట్లో, బేస్‌మెంట్‌లో థిన్నర్ సీసా మూత తీస్తే వాసన పై అంతస్తుదాకా వస్తుంది. అందుకని ఈసారి స్పెయిన్‌లో తయారయ్యే వయేహో వారి నీటి ఆధారిత రంగులు తెప్పించాను.

మన పాఠకుల్లో ఈ సరదా ఉన్నవారి కోసం రంగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మోడల్ రంగులు స్థూలంగా మూడు రకాలు. ఎనామిల్ నిదానంగా ఆరుతుంది, కాబట్టి కుంచె గీతలు సర్దుకుని నున్నగా వస్తుంది. లాకర్ నిమిషాల్లో ఆరి ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టుకుంటుంది కానీ, ఘాటు అన్నిటికన్నా ఎక్కువ. మూడోది ఆక్రిలిక్. ఇందులోనూ అన్నీ ఒకటి కావు. జపాన్ వారి తమియా ఆక్రిలిక్‌లో ఆల్కహాల్ ఉంటుంది. వయేహోలో రెసిన్ రేణువులు నీటిలో తేలుతూ ఉంటాయి. నీరు ఆవిరైపోయాక ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి.

ఈ తేడా పట్టించుకోకుండా మొదటిరోజే నేను దెబ్బతిన్నాను. తమియాకు అలవాటైన చేత్తో వయేహో రంగులో రెండు చుక్కలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోశాను. పాలు విరిగినట్టు విరిగిపోయింది! ఎయిర్‌బ్రష్ సూది మూసుకుపోయి, శుభ్రం చేయడానికి గంట పట్టింది. తప్పు రంగుది కాదు, నాది. ఏ రంగుకు ఆ కంపెనీ థిన్నరే వాడటం ఉత్తమం.

బుద్ధి తెచ్చుకుని, తర్వాతి ప్రయోగాలన్నీ విమానం మీద కాకుండా ప్లాస్టిక్ చెంచాల మీద చేశాను. మొదటి చెంచాకు నేరుగా రంగు వేశాను. ఆరాక మాస్కింగ్ టేప్ అంటించి లాగితే రంగంతా టేపుతో ఊడి వచ్చింది. రెండోదాన్ని సబ్బునీళ్ళతో కడిగి, ప్రైమర్ వేసి, ఒకరోజు ఆరనిచ్చి, ఆపైన రంగు వేశాను. మర్నాడు టేపు లాగితే చెక్కుచెదరలేదు. ఇది చూసి నాన్నగారు, "కొండపల్లి బొమ్మకి రంగు వేసే ముందు సున్నం పూత వేస్తారు కదా, అదీ ఇదే" అన్నారు. నిజమే. నీటి రంగు లాకర్‌లాగా ప్లాస్టిక్‌లోకి కొరుక్కుని వెళ్ళదు. దానికి పట్టు దొరికే నేల మనమే సిద్ధం చేయాలి.

వెండిరంగుకు ఆ నేల నల్లగా, నిగనిగలాడుతూ ఉండాలి. మూడో చెంచాకు బూడిదరంగు ప్రైమర్, నాలుగోదానికి మెరిసే నల్ల ప్రైమర్ వేసి, రెంటిమీదా మెటల్ కలర్ అల్యూమినియం కొట్టాను. మొదటిది పెయింటు వేసిన ప్లాస్టిక్‌లా, రెండోది అచ్చంగా లోహపు రేకులా కనిపించింది. ఈ రంగు సీసాలోంచి నేరుగా ఎయిర్‌బ్రష్‌లో పోసుకోవచ్చు. గాలి ఒత్తిడి 12 నుంచి 15 పి.ఎస్.ఐ. సరిపోయింది. ఒకేసారి దట్టంగా కాక, పలచగా మూడు నాలుగు పూతలు వేయాలి. సూది మొనమీద రంగు తొందరగా ఆరిపోతుంటుంది. తడి కుంచెతో మధ్యమధ్య తుడుస్తూ ఉండాలి.

ఒక హెచ్చరిక. నీటి రంగు కదా అని మాస్కు మానేయకండి. ఘాటు లేకపోయినా, ఎయిర్‌బ్రష్ నుంచి వచ్చే సన్నటి తుంపరలు ఊపిరితిత్తులకు మంచివి కావు. నేను కొట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేసుకుని, మావాణ్ణి పైకి పంపేశాను. చక్రాలు, పైలట్ సీటు, ముక్కుమీది ఆకుపచ్చ శంకువు మాత్రం వాడే కుంచెతో వేశాడు. వాడికి ఒక్కసారి కూడా దగ్గు రాలేదు. నాకు ఈ రంగు నచ్చడానికి అసలు కారణం అదే.

గట్టిదనంలో ఎనామిల్‌కు ఇది సాటిరాదు. గోరు తగిలితే గీత పడుతుంది, కాబట్టి పైన వార్నిష్ తప్పనిసరి. అయినా ఇకమీదట మా ఇంట్లో ఇదే.

పూర్తయిన విమానాన్ని నాన్నగారి చేతికిస్తే, కళ్ళజోడు సవరించుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "బాగుంది గానీ, వెనకవైపు ఇంత తెల్లగా ఉండదురా. ఇంజను వేడికి రేకు కమిలి ఉంటుంది" అన్నారు. మర్నాడు బర్న్ట్ ఐరన్ రంగు తెప్పించాం. ఏ భాగం ఎంత కమలాలో తాతయ్య వేలితో చూపిస్తుంటే, మనవడు కుంచె పట్టుకున్నాడు.