బిగ్ బాయ్: కొండ ఎక్కడానికే పుట్టిన ఇంజిన్

ఈరోజు బిగ్ బాయ్ ఆవిరి ఇంజిన్ల గురించి చెప్పుకుందాం. అమెరికాలోని యూనియన్ పసిఫిక్ రైల్వే కోసం ఆల్కో కంపెనీ 1941లో 20, 1944లో 5, మొత్తం 25 ఇంజిన్లు తయారుచేసింది. ఫ్యాక్టరీలో ఎవరో పనివాడు ఇంజిన్ ముందు భాగం మీద సుద్దముక్కతో ‘బిగ్ బాయ్’ అని రాశాడట. ఆ పేరే నిలిచిపోయింది.

అసలు సమస్య కొండతో వచ్చింది. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ నుంచి తూర్పుకి వెళ్ళే గూడ్సు బండ్లు వాసాచ్ కొండలు ఎక్కాలి. ప్రతి 100 మీటర్లకి 1.14 మీటర్ల ఎత్తు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ 3,000 టన్నులు దాటిన బండికి అదే పెద్ద గండం. సాయానికి ఇంకో ఇంజిన్ తగిలించాలి, పైకెక్కాక విప్పాలి. టైము, సిబ్బంది, ఖర్చు అన్నీ పెరుగుతాయి. ఒక్క ఇంజినే లాగాలని రైల్వే కోరుకుంది.

బలం పట్టాల మీదకి దిగాలంటే నడిపే చక్రాలు ఎక్కువ ఉండాలి. ఇక్కడ 8 జతలున్నాయి. అన్నీ ఒకే ఫ్రేముకి బిగిస్తే మలుపు తిరగదు. అందుకని 4 జతలు ముందు ఫ్రేములో, 4 జతలు వెనక ఫ్రేములో పెట్టి, మధ్యలో కీలు అమర్చారు. ట్రైలర్ లారీ మలుపు తిరగడం చూశారు కదా, కీలు చేసే పని అలాంటిదే. బాయిలర్ మాత్రం వెనక ఫ్రేముకే బిగించి ఉంటుంది. మలుపులో ముందు చక్రాలు పట్టాలతో తిరిగిపోతే, బాయిలర్ ముక్కు పక్కకి పొడుచుకొస్తుంది.

ఈ అమరిక 1880లలో స్విట్జర్లాండ్ ఇంజినీరు అనతోల్ మాలే తెచ్చాడు. ఆయన పద్ధతిలో వెనక సిలిండర్లు వాడిన ఆవిరే మళ్ళీ ముందు సిలిండర్లకి వెళ్తుంది. బొగ్గు ఆదానే, కానీ వేగం రాదు. బిగ్ బాయ్‌లో నాలుగు సిలిండర్లకీ బాయిలర్ ఆవిరి నేరుగా అందుతుంది. అందుకే గంటకి 130 కిలోమీటర్ల వేగానికి డిజైన్ చెయ్యగలిగారు.

టెండరుతో కలిపి పొడవు 40 మీటర్లు, బరువు 540 టన్నుల పైమాటే. దీన్ని తిప్పడానికి టర్న్‌టేబుళ్ళు కూడా పెద్దవి కట్టాల్సి వచ్చింది.

యుద్ధకాలంలో ఇవి విపరీతంగా పనిచేశాయి. కానీ డీజిల్ ఇంజిన్‌కి బూడిద ఎత్తే పని లేదు, నీళ్ళ కోసం ఆగే పని లేదు. 1959లో బిగ్ బాయ్ చివరి సరుకు లాగింది. నా దృష్టిలో ఇది ఓడిపోయిన యంత్రం కాదు. ఇచ్చిన పని చేసింది, పనిచేసే పద్ధతే మారిపోయింది.

ఎనిమిది మిగిలాయి. వాటిలో 4014 నంబరు ఇంజిన్‌ని బాగుచేసి 2019లో మళ్ళీ పట్టాలెక్కించారు. ఇప్పుడది బొగ్గుతో కాదు, నూనెతో నడుస్తోంది.