మంచినీటి బావులు - పెట్రోలు తొట్లు



మన రెడ్డిగూడెము ప్రాంతమున మామిడి చెట్టునకును మనుష్యునకును భూగర్భజలమే ప్రాణాధారము. మురుగు, ఎరువులు, పురుగుమందులు దానిని చెరచునని మీరెరుగుదురు. నాల్గవ శత్రువొకటి కలదు. అది నేలలో పూడ్చిన పెట్రోలు తొట్టి. ఇనుము త్రుప్పు పట్టి బొట్లుబొట్లుగా కారినను పైన నడచువారికి జాడ తెలియదు.

చమురు నీటిపై తేలునని బాలుడైనను చెప్పును. కాని పెట్రోలు ఏకపదార్థము కాదు. అందలి బెంజీను కొంత నీట కరగును. అది రక్తమునకు సంబంధించిన కేన్సరును కలిగింపగలది. బడిపంతులను గావున లెక్క చెప్పక మానలేను. మన దేశపు పెట్రోలులో బెంజీను నూటికి 1 వంతు మించరాదు. అనగా 1 లీటరులో 8 గ్రాములకు పైగా ఉండవచ్చును. లీటరు త్రాగునీట అది గ్రాములో లక్షవ వంతు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. కావున 1 లీటరు పెట్రోలులోని బెంజీను 8 లక్షల లీటర్ల నీటిని హద్దునకు తేగలదు!

ఇంజను చక్కగా నడచుటకై పెట్రోలులో కలుపు ద్రవ్యముల కథ వేరు. మన దేశమున 2000 సంవత్సరము వరకు సీసము కలిపిరి. అమెరికాలో ఎం.టి.బి.ఇ. అను ద్రవ్యమును కలిపిరి. అది నీట సులభముగా కరగును, మట్టికి అంటదు, త్వరగా నశింపదు. 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా పట్టణము దానివలన బావులు మూసికొని, తన నీటిలో సుమారు సగము కోల్పోయినది. తరువాత ఆ రాష్ట్రము దానిని నిషేధించెను. ఇప్పుడు మనము వాడు ఇథనాలు అంతటి మొండిది కాదు. అయినను నేలలోని సూక్ష్మజీవులు ముందు దానినే తిని ప్రాణవాయువును వ్యయపరచుటచే, బెంజీను మరికొంత దూరము ప్రాకును.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. తెలుగువారనేకులు నివసించు చెన్నపట్టణమున, తండయారుపేటలో, 2013లో ఇండ్ల బోరింగులందు చమురు కనబడినది. భూమిలోని చమురు గొట్టము కారుటయే మూలము. వ్యవహారము జాతీయ హరిత ట్రిబ్యునలు వరకు పోయినది.

మరి మన కర్తవ్యమేమి? ఊరిలో క్రొత్త బంకు పెట్టుదురన్నచో గ్రామసభలో అడుగుడు: తొట్టికి రెండు గోడలున్నవా? దినదినము కొలబద్దతో కొలిచి, అమ్మిన లెక్కతో సరిచూచుచున్నారా? బడులకును నివాసములకును 50 మీటర్ల ఎడముండవలెనని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచించినది. స్థలము చాలనిచోట సైతము 30 మీటర్లకు తగ్గరాదు. తోటలో డీజిలు పీపాను నూతికి దూరముగా, గట్టు కట్టిన సిమెంటు నేలపై నుంచుడు. వాడిన నూనెను గోతిలో పోయకుడు.

నీట పెట్రోలు వాసన తగిలినచో వెంటనే త్రాగుట మానుడు. కాచి త్రాగుదమనుకొనకుడు, ఆవిరి ఇంట నిండును, నిప్పు ప్రమాదమును కలదు. పంచాయతీకి తెలిపి నీటిని పరీక్ష చేయింపుడు.

కాలువ చెడినచో వరద కడుగును. భూగర్భజలము చెడినచో బాగుపడుటకు ఏండ్లు పూండ్లు పట్టును. తోట నాటిన తాతకు ఫలముపై ఎంత శ్రద్ధయో, మనుమలు త్రాగు నీటిపైనను అంత శ్రద్ధ ఉండవలెను.

సెలవు.