పాత లెక్కలు – కొత్త యంత్రము

నేడు నేను ముచ్చటింపబూనిన విషయము పేరునకు నూతనమైనను, స్వభావమున మనకెల్లరకు చిరపరిచితమైనదే. కంప్యూటరులో లెక్కలు వ్రాయు సాఫ్టువేరు మారినపుడు, పాత లెక్కలను కొత్త రూపమునకు మార్చుట యెట్లు? ఆ మార్పులో పొరపాట్లెచ్చట చొరబడును? వానిని పట్టుకొనగలవారెవరు? ఈ మూడు ప్రశ్నలకు యథాశక్తి సమాధానము చెప్పెదను.

ఇది పట్టణపు గుమాస్తాల గొడవ గదా, గ్రామస్థులకేల యని మీరడుగవచ్చును. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకము నామోదించినది. దాని వ్యయము 2,516 కోట్ల రూపాయలుగా నిర్ణయింపబడినది. అంతకుముందు కొన్ని సంఘముల లెక్కలు కాగితపు పుస్తకములలోను, కొన్నిటివి వేర్వేరు సాఫ్టువేరులలోను ఉండెను. వానినన్నిటిని ఒకే తీరు సాఫ్టువేరులోనికి దెచ్చుట యా పథకముయొక్క ముఖ్యోద్దేశము. కావున మీ వాటాధనము, మీ డిపాజిట్టు, మీ పంటఋణము ఈ మార్పిడి యను వాకిలి దాటి పోవలసినవే.

లెక్కలు మార్చుట మనవారికి కొత్త కాదు. నేను నివసించు అడిక్‌మెట్ ప్రాంతమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాలా భవనము 1939లో ప్రారంభమైన నాటికి, హైదరాబాదు సంస్థానమున హాలీసిక్కా చెల్లుచుండెను. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. 1959లో హాలీసిక్కా చెలామణి ముగిసినది. ఈ నడుమ 1957 ఏప్రిల్ 1వ తేదీన దేశమంతట అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. ఒక తరమువారు తమ పద్దులను ఇట్లు రెండుసార్లు మార్చుకొనవలసి వచ్చినది.

ఆనాటి మార్పిడిలో నొక చిక్కు గలదు. రూపాయికి పదునారణాలు, నూరు నయాపైసలు. కనుక అణాకు ఆరుంబావు, రెండణాలకు పండ్రెండున్నర. అర, లేక అంతకు తక్కువైన భిన్నమును విడిచివేయవలెనని నియమము. కావున రెండణాలకు పండ్రెండు నయాపైసలే చెల్లును. ఒక వర్తకునికి ఎనమండుగురు రెండేసి అణాలు బాకీ యున్నారనుకొందము. మొత్తము ఒక రూపాయి, అనగా నూరు నయాపైసలు. కాని యొక్కొక్క బాకీని విడివిడిగా మార్చి కూడినచో తొంబదియారే వచ్చును. నాలుగు నయాపైసలు మాయమైనవి. ఎవడును దొంగిలింపలేదు; మార్పిడియే వానిని మ్రింగినది.

కంప్యూటరు లెక్కలకును ఇదే న్యాయము. పాత సాఫ్టువేరు వడ్డీని దశాంశబిందువు పిదప మూడు స్థానములవరకు దాచి, కొత్తది రెండు స్థానములే దాచినచో, వేలకొలది ఖాతాలపై ఆ భేదము పెరుగును. అట్టి భేదమును ఏదో యొక ఖాతాలో దాచక, ప్రత్యేకమైన పద్దు క్రింద బహిరంగముగా వ్రాయవలెను.

రెండవ చిక్కు తేదీలది. మనము దినమును ముందు, మాసమును పిదప వ్రాయుదుము. అమెరికావారు మాసమునే ముందు వ్రాయుదురు. 04-03 అని యున్నదానిని మనము మార్చి 4 అని చదువుదుము. ఆ పద్ధతిపై నడచు యంత్రము ఏప్రిల్ 3 అని చదువును. లెక్కల సంవత్సరము మార్చి 31తో ముగియును గదా! గడువులో కట్టిన రైతు గడువు దాటినవాడుగా కనబడును.

మూడవది అక్షరములది. కంప్యూటరు అక్షరమునకు బదులు ఒక సంఖ్యను దాచును. యూనికోడు అను సర్వసమ్మతమైన పట్టిక 1991లో వెలువడినది. అందు తెలుగునకును స్థానము గలదు. కాని చాలకాలము వాడుకలో నుండిన పాత తెలుగు ఫాంటులు తమతమ సంఖ్యలనే వాడుకొనెను. వానితో వ్రాసిన పేరులను సరియైన పట్టిక లేకుండ మార్చినచో, సీతమ్మ పేరుండవలసినచోట అర్థములేని గీతలు నిలుచును.

నాలుగవది అన్నిటికంటె ప్రమాదకరము. దీనిని నా యనుభవమునుండి చెప్పెదను. ఉద్యోగవిరమణానంతరము నేనొక చిన్న పరస్పరసహాయ సంఘమునకు లెక్కలు సరిచూచుచుంటిని. అచ్చట సాఫ్టువేరు మార్చిరి. పాత అంకణా మొత్తమును కొత్త అంకణా మొత్తమును పైసతో సహా సరిపోయెను. నేను సంతోషించి సంతకము చేసితిని. నెల గడవకముందే, అప్పు పూర్తిగా తీర్చిన యొక సభ్యుని భార్యకు బాకీ నోటీసు వెళ్లెను. ఆయన అప్పటికి గతించియుండెను. ఆమె వచ్చి చెప్పగా, “కంప్యూటరులో నున్నదమ్మా” యని కార్యాలయమువారు ప్రత్యుత్తరమిచ్చిరి. ఆమె పెట్టెలోనుండి చివరి వాయిదా రశీదు తీసి నా యెదుట నుంచినపుడు నాకు తల యెత్తుటకు సిగ్గైనది. పాత ఖాతాలు సభ్యత్వసంఖ్యపై నుండగా, మార్చినవారు పేరునుబట్టి జతపరచిరి. ఆ పేరుగలవారిద్దరుండిరి; ఒకని చెల్లింపు వేరొకనికి జమ యైనది. జమ యెవరి ఖాతాలో పడినను మొత్తము మారదు గదా! మొత్తములు సరిపోవుట అవసరమే కాని చాలదని నేనప్పుడు నేర్చుకొంటిని.

కావున చేయవలసిన క్రమమిది. మొదట పాత సాఫ్టువేరులోనే చిట్టా, ఆవర్జాలను సరిచూచి ముగింపు నిల్వలు తేల్చవలెను. అందున్న తప్పు మార్పిడివలన ఒప్పుకాదు. పిదప ఆ ఫైలునకు రెండు ప్రతులు తీసి, ఒకదానిని వేరొక చోట భద్రపరుపవలెను. కొత్తరూపము దాల్చిన ఫైలును పాత సాఫ్టువేరు సాధారణముగా మరల చదువజాలదు. అసలును ముట్టక ప్రతిమీదనే మార్పిడిని పరీక్షింపవలెను. ఖాతాల సంఖ్య, మొత్తములు, ఒక్కొక్క ఖాతా నిల్వ, తేదీలు, పేరులు వరుసగా పోల్చవలెను. కొంతకాలము రెండింటను లెక్క వ్రాసి, ఫలితములు సరిపోయిన పిమ్మటనే పాతదానిని విరమింపవలెను. అప్పటికిని పాత ప్రతిని పారవేయరాదు.

ఇందు పెద్దలు చేయదగినదేమి? కంప్యూటరు విద్య రాకపోయినను ఈ పని మీరే చేయగలరు. ఎవరు కట్టిరో, ఎవరు తీర్చిరో, ఒకే పేరుగలవారెందరో ఊరిలో మీకు తెలిసినట్లు యంత్రమునకు తెలియదు. మార్పిడికి ముందొకమారు, పిదప నొకమారు మీ ఖాతా నిల్వను కాగితముపై వ్రాయించుకొని పోల్చుకొనుడు. చదువురాని పొరుగువారికిని చదివి వినిపింపుడు. సర్వసభ్య సమావేశమున పాత నిల్వల జాబితాను, కొత్తదానిని ప్రక్కప్రక్కన నుంచి చదువుమని కోరుడు. రశీదులను మాత్రము, అప్పు తీరినదిగదా యని, చింపివేయకుడు. ఆ యిల్లాలిని కాపాడినది ఆ చిన్న కాగితమే. సెలవు.