కాకి గూటిలో కోకిల గుడ్డు: పక్షుల ప్రతిరక్షణలో లాభనష్టాల లెక్క

అమరకోశం కోకిలకు ఇచ్చిన పేర్లలో 'పరభృతం' ఒకటి. ఇతరులచే పోషింపబడినది అని దాని అర్థం. కాకికి చెప్పిన పేర్లలో 'పరభృత్' ఉన్నది. అనగా ఇతరులను పోషించునది. నేడు మనం సంతాన పరాన్నజీవనం అని వ్యవహరిస్తున్న విషయంలో పరాన్నజీవికీ, ఆతిథేయికీ మన పూర్వులు ఇలా జంటపేర్లు పెట్టారు. అయితే ఈ పేర్లను బట్టి కాకిని అమాయకపు పెంపుడు తల్లిగా భావించడం సరికాదు. కాకి తన గూటిని కాపాడుకుంటుంది. కాకపోతే ఆ కాపలా ఒక దశలో గట్టిగానూ, మరొక దశలో దాదాపు శూన్యంగానూ ఉంటుంది. ఈ తేడాకు గల కారణమే ఇక్కడ పరిశీలించదగినది.

ఆతిథేయి పక్షి ప్రతిఘటనకు మూడు అవకాశాలున్నాయి. పరాన్నజీవిని గూటి దరిచేరనీయకపోవడం మొదటిది. పరాయి గుడ్డును గుర్తించి పారవేయడం లేదా ఆ గూటినే విడిచిపెట్టడం రెండవది. పొదిగిన తరువాత పిల్లను గుర్తించి నిరాకరించడం మూడవది, ఇది అరుదు. ఆస్ట్రేలియాలోని సూపర్బ్ ఫెయిరీరెన్ అనే చిన్న పిట్ట కోకిల జాతి పిల్ల ఒంటరిగా మిగిలిన గూళ్ళను కొన్నిసార్లు వదలివేస్తుందని 2003లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

కాకి బలమంతా మొదటి దశలోనే కనిపిస్తుంది. వేసవిలో గూటి సమీపాన నల్లని మగ కోకిల కంటబడితే చాలు, కాకులు అరుస్తూ దానిని వెంటాడుతాయి. ఆ సందడిలోనే చుక్కల ఆడ కోకిల గూటిలోకి చొరబడుతుందని పక్షి పరిశీలకులు చాలాకాలంగా చెబుతున్నారు. గుడ్డు ఒకసారి గూటిలో పడిన తరువాత కాకి దానిని సాధారణంగా తొలగించదు. కోకిల గుడ్డు కాకి గుడ్డు కంటే చిన్నది. రంగులోనూ, మచ్చలలోనూ మాత్రం దానిని పోలి ఉంటుంది. కాకి గుడ్లు పొదగడానికి 16–17 రోజులు పట్టగా కోకిల గుడ్డుకు 13–14 రోజులు చాలు. ముందుగా పుట్టిన పిల్ల ముందుగా నోరు తెరుస్తుంది, మేతలో పెద్దవాటా పొందుతుంది.

ఆహార సేకరణలో అంతటి తెలివి చూపే పక్షి గుడ్డు విషయంలో ఎందుకు ఊరుకుంటుంది? జవాబు కోసం కొంతసేపు ఇంగ్లండుకు వెళ్ళాలి. కేంబ్రిడ్జ్ సమీపంలోని వికెన్ ఫెన్ చిత్తడి నేలలో డేవిస్, బ్రూక్ అనే శాస్త్రవేత్తలు రీడ్ వార్బ్లర్ గూళ్ళలో నకిలీ గుడ్లు పెట్టి పరీక్షించారు. గూటి వద్ద కుక్కూ బొమ్మను చూసిన వార్బ్లర్లు పరాయి గుడ్డును ఎక్కువగా నిరాకరించాయి. 1980ల మధ్యలో అక్కడి వార్బ్లర్లు తమ గుడ్లను పోలని నకిలీ గుడ్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు నిరాకరించేవి. కుక్కూల బెడద తగ్గిన తరువాత, 1997 నాటికి, అది సుమారు నాలుగింట ఒక వంతుకు పడిపోయింది. ఇంత తక్కువ కాలంలో జన్యుపరమైన మార్పు మాత్రమే దీనికి కారణం కాజాలదు. ప్రమాదం ఎంత ఉన్నదో అంచనా వేసుకొని పక్షులు తమ ప్రవర్తనను మార్చుకుంటున్నాయన్నమాట. ఎందుకంటే నిరాకరణకూ వెల ఉన్నది: పొరపాటున సొంత గుడ్డునే పారవేయవచ్చు.

ఈ లెక్క కాకికి వర్తింపజేస్తే దాని ఓర్పు అంత వింతగా తోచదు. ఐరోపా కుక్కూ పిల్ల కళ్ళు తెరవకముందే ఆతిథేయి గుడ్లన్నింటినీ వీపుతో బయటకు నెట్టివేస్తుంది. వార్బ్లర్‌కు ఆ ఈత మొత్తం పోయినట్లే. మన కోకిల పిల్ల సాధారణంగా అలా చేయదు. దానితోపాటు కాకి పిల్లలు కొన్నైనా ఎదిగి వస్తాయి. నష్టం పాక్షికం, గుడ్లలో పోలిక అధికం. అటువంటప్పుడు గుడ్లను వేరుచేయబోయి పొరబడడం కంటే ఊరుకోవడమే కాకికి మేలు కావచ్చు. ఈ వివరణే నాకు సమంజసంగా తోస్తున్నది. కాకిని మూర్ఖురాలనడం వివరణ కాదు.

నష్టం పూర్తిగా ఉన్నచోట ప్రతిరక్షణ ఎంతదూరం పోగలదో జాంబియాలోని ప్రీనియా పిట్టలు చూపుతాయి. మన పొలాల గట్లపై తోకాడిస్తూ తిరిగే ప్రీనియాలకు ఇవి దగ్గరి బంధువులు. వాటి గూళ్ళలో కుక్కూ ఫించ్ గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క ఆడ ప్రీనియా గుడ్ల రంగు, మచ్చల అమరిక ఒక్కొక్క తీరు: ఒకదానివి నీలం, ఒకదానివి తెలుపు, ఇంకొకదానివి ఎరుపు. ఇది చేతి సంతకం వంటిది. పరాన్నజీవి ఒక సంతకాన్ని అనుకరించగలిగినా, ఏ గూటిలో ఏ సంతకం ఉన్నదో దానికి ముందుగా తెలియదు.

తెలుగు నేలపై వ్యవసాయ విద్యార్థికి కాకి కంటే గట్లపై గుంపుగా తిరిగే బ్యాబ్లర్లు దగ్గరి ఉదాహరణ. చాతక పక్షి వాటి గూళ్ళలో నీలి గుడ్డు పెడుతుంది. బ్యాబ్లర్ గుడ్డూ నీలమే కనుక గుడ్డు దశలో ప్రతిఘటనకు అవకాశం తక్కువ. గుంపుగా అరచి తరమడమే వాటి ప్రధాన ఆయుధం. బ్యాబ్లర్లు నేలపై పురుగులను ఏరుకు తింటాయి. చాతకం ఇతర పక్షులు ముట్టని వెంట్రుకల గొంగళిపురుగులను కూడా తింటుంది. అందువల్ల రైతు దృష్టిలో ఈ వైరంలో ఒక పక్షం వహించవలసిన అవసరం లేదు. పరాన్నజీవి ఆడపక్షి ఎత్తైన చెట్టుపై కూర్చుని గూళ్ళను కనిపెడుతుంది. చెట్లకు చేరువలోని రీడ్ వార్బ్లర్ గూళ్ళకు కుక్కూ బెడద ఎక్కువని ఐరోపా పరిశీలనలు తెలిపాయి. గట్ల మీది పక్షులను నమోదు చేసే విద్యార్థులు గూటిని తాకకుండానే, అది ఏ పొదలో ఉన్నది, సమీపంలోని చెట్టు ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నది అనే రెండు వివరాలను కూడా రాసుకోవచ్చు.